పార్లర్ ప్యాకేజీకి అప్పు చేసే ముందు ఆ పాదాన్ని డాక్టర్‌కు చూపించండి

ప్రశ్న: తిరుపతి గాంధీ రోడ్డులో ఒక బట్టల షోరూంలో పనిచేస్తున్నాను. వయసు 47. జీతం 19,000. మా ఆయన సొంత కారును కొండకు బాడుగకు తిప్పుతారు, నెలకు 22,000 దాకా వస్తుంది. ఇంటి ఖర్చు 26,000, కారు వాయిదా 9,000, చీటీ 5,000. బ్యాంకులో 11,000 ఉంది. రోజంతా నిలబడి నా మడమలు బాగా పగిలాయి, కుడి పాదం కింద ఆనెకాయ ఉంది. మాఘంలో మేనకోడలి పెళ్లి. ఒక పార్లర్‌లో పది సిట్టింగుల ‘మెడికల్ పెడిక్యూర్’ ప్యాకేజీ 28,000 అన్నారు, 2,000 అడ్వాన్సు ఇచ్చాను. పాదాల పరీక్ష, ఆనెకాయ తీయడం, ప్రత్యేకమైన చెప్పులు కలిపి 5,500 అవుతుందని ఆసుపత్రిలో చెప్పారు. ప్యాకేజీకి యాప్‌లో లోన్ తీసుకోనా, చీటీ పాడుకోనా? షుగర్ ఎనిమిదేళ్లుగా ఉంది. ఈమధ్య చెప్పు జారిపోయినా తెలియడం లేదు.

జవాబు: ఉత్తరమంతా మడమల గురించి, పెళ్లి గురించి రాసి, అసలు సంగతి చివరి రెండు వాక్యాల్లో పెట్టారు. ఎనిమిదేళ్ల షుగర్. కాలి నుంచి చెప్పు జారిపోయినా తెలియకపోవడం. ఈ రెండూ కలిశాయంటే పాదంలో స్పర్శ తగ్గుతోందేమోనని డాక్టర్లు అనుమానిస్తారు. నేను డాక్టర్‌ను కాను, లెక్కలు చూసేవాణ్ణి. కానీ ఇలాంటి కాలికి అయ్యే ఖర్చును ‘అందం’ పద్దులో రాసుకుని, దానికోసం అప్పు చేసేవాళ్లు చాలామంది కనిపిస్తున్నారు. అందుకే మీ ఉత్తరాన్ని ఎంచుకున్నాను.

బోర్డు మీద మెడికల్ అని రాసినంత మాత్రాన పార్లర్ ఆసుపత్రి అయిపోదు. అక్కడ కాళ్లను వేడినీళ్లలో నానబెడతారు, ఆనెకాయను బ్లేడుతో గీకుతారు. స్పర్శ లేని పాదానికి నీళ్ల వేడి తెలియదు, బ్లేడు తెగినా తెలియదు. ఆనెకాయ కింద పుండు దాగి ఉండొచ్చు కూడా. ఆసుపత్రిలో సన్నటి నైలాన్ పోగుతో పాదాన్ని అక్కడక్కడా తాకి స్పర్శ ఉందో లేదో చూస్తారు, రక్తం సరిగా పారుతోందో చూస్తారు. ఒత్తిడి పడేచోట మెత్తగా ఉండే ఎంసీఆర్ చెప్పులు రాస్తారు. మీరు రోజంతా నిలబడే మనిషి కాబట్టి ఆ చెప్పులే అన్నిటికంటే పనికొచ్చే కొనుగోలు. మందుల షాపులో దొరికే కార్న్ క్యాపులు సొంతంగా అతికించుకోవద్దు. వాటిలోని యాసిడ్ షుగర్ ఉన్నవాళ్ల చర్మాన్ని కాల్చేస్తుంది.

ఇప్పుడు లోన్. యాప్ వాళ్లు మీకు పంపిన స్క్రీన్‌షాట్ చూశాను. నెలకు 2,780 చొప్పున 12 వాయిదాలు, ముందుగా ప్రాసెసింగ్ ఫీజు 1,400. మొత్తం 34,760 కడతారు. పైన ‘ఈజీ ఈఎంఐ’ అని పెద్ద అక్షరాలతో ఉంది కానీ, వడ్డీ నూటికి నెలకు మూడున్నర రూపాయలు దాటుతోంది. మీ వీధిలో ఎవరైనా ఆ వడ్డీ అడిగితే గుమ్మంలోంచే పంపించేస్తారు కదా! ఫోన్‌లో అడిగితే మాత్రం వేలిముద్ర వేసేస్తాం. అయినా మీ ఇద్దరి ఆదాయం 41,000లో 40,000 ముందే ఖర్చు రాసేశారు. ఈ 2,780 ఎక్కడి నుంచి తెస్తారు? మూడో నెలకల్లా ఆ యాప్ వాయిదా కట్టడానికి ఇంకో యాప్ వెతుక్కుంటారు.

చీటీ జోలికీ వెళ్లొద్దు. లక్ష చీటీ, ఏడు నెలలు అయిందన్నారు. పోయిన నెల పాట 24,000 దగ్గర ఆగిందట. 28,000 ప్యాకేజీ కోసం 24,000 వదులుకోవడం ఏం లెక్కమ్మా?

ఇక నేను ఎవరికైనా చెప్పేది, మీకూ చెప్పేది ఒకటే: అత్యవసర నిధి. ఇంటి ఖర్చు, కారు వాయిదా కలిపి నెలకు 35,000. మూడు నెలలకు 1,05,000 చేతిలో ఉండాలి, మీ దగ్గర ఉన్నది 11,000. కాలికి పుండు పడి డాక్టర్ మిమ్మల్ని నెలన్నర నిలబడొద్దన్నారనుకోండి. షోరూంలో కూర్చుని చేసే పని ఇస్తారా? అదే సమయంలో కొండకు రద్దీ తగ్గి ఆయన బాడుగలు పడిపోతే? బ్రహ్మోత్సవాలప్పుడు, వేసవి సెలవుల్లో వచ్చే డబ్బును చూసి ఏడాదంతా అలాగే ఉంటుందనుకోకూడదు. అందుకే చీటీని చివరిదాకా ఉంచండి. కమీషన్ పోను 95,000 దాకా వస్తుంది. మిగిలే వెయ్యిని ఈ నెల నుంచే పోస్టాఫీసు ఆర్డీలో వేయండి. చీటీ డబ్బు రాగానే కొంత సేవింగ్స్ ఖాతాలో, మిగతాది ఎఫ్‌డీలో పెట్టి, అది అత్యవసర నిధి అని మీ ఆయనకు కూడా గట్టిగా చెప్పండి. కారుకు కొత్త టైర్లు అత్యవసరం కిందికి రావు.

మీరు గమనించనిది ఇంకొకటుంది. జీతం స్లిప్‌లో ‘ఈఎస్‌ఐ 143’ అనే గీత కనిపిస్తోంది. ఈఎస్‌ఐ అంటే ఉద్యోగులకు ప్రభుత్వం నడిపే వైద్య బీమా. నెలనెలా మీ దగ్గర 0.75 శాతం కోస్తున్నారు, యజమాని 3.25 శాతం కలుపుతున్నారు, కార్డు మాత్రం మీరు ఎప్పుడూ వాడలేదు. జీతం 21,000 దాటనివాళ్లకు ఇది ఉంటుంది. పాత జబ్బు అని షుగర్‌ను పక్కన పెట్టరు. ఓపీ, మందులు, ఆసుపత్రి అన్నీ ఇందులోకి వస్తాయి, మీ ఆయనకు కూడా. డాక్టర్ సెలవు రాస్తే, ఆరు నెలల కాలంలో 78 రోజుల చందా ఉన్నవాళ్లకు ఏడాదికి 91 రోజుల వరకు జీతంలో 70 శాతం ఇస్తారు. అది మిగతా 30 శాతాన్ని పూడ్చదు, మీకు కావాల్సిన రోజుకే చేతికి రాదు. కాబట్టి ఈఎస్‌ఐ ఉంది కదా అని నిధి మానేయకండి. రేపే హెచ్‌ఆర్‌లో మీ ఈఎస్‌ఐ నంబరు అడగండి.

ప్రైవేటు పాలసీ తర్వాత చూద్దాం. తీసుకునేటప్పుడు షుగర్ దాచొద్దు, దాస్తే క్లెయిమ్ రాకపోవచ్చు. అందం కోసం చేయించుకునే వాటికి ఏ పాలసీ అయినా ఎలాగూ ఇవ్వదు.

ఈ వారంలోనే పాదం చూపించుకోండి. ఈఎస్‌ఐలో వెంటనే కుదరకపోతే మన ఊళ్లోనే రుయా ఆసుపత్రి ఉంది, స్విమ్స్ ఆసుపత్రి ఉంది. అక్కడా ఆలస్యమైతే ఆ 11,000లోంచి 5,500 తీసి కట్టేయండి, ఇది అత్యవసరమే. ఒకవేళ పుండు ఉందని తేలి పెద్ద ఖర్చు పడితే, ఒంటి మీది గొలుసును బ్యాంకులో తాకట్టు పెట్టండి, యాప్ వైపు మాత్రం చూడొద్దు. పెళ్లికి ముందు అలిపిరి మెట్లు ఎక్కే మొక్కు ఏదైనా ఉంటే, చెప్పుల్లేకుండా 3,550 మెట్లు ఈ కాళ్లతో ఎక్కొచ్చో లేదో డాక్టర్‌నే అడగండి.

పార్లర్ వాళ్లను అడ్వాన్సు తిరిగి అడగండి. ఇస్తే మంచిది, ఇవ్వకపోతే 2,000తో పోయిందనుకోండి. పగుళ్లకు డాక్టర్ రాసిన క్రీము రాత్రిపూట రాసుకోండి, వేళ్ల సందుల్లో మాత్రం వద్దు. పాదం బాగుందని డాక్టర్ అన్నాక, పెళ్లికి నాలుగు రోజుల ముందు చేతిలో ఉన్న డబ్బుతో గోళ్లకు రంగు వేయించుకోండి. వేడినీళ్లు, బ్లేడు వద్దని కుర్చీలో కూర్చోకముందే చెప్పండి.