మద్యం తయారీ వ్యాపారం లాభసాటిగా నడవాలంటే ఎక్కడ మొదలుపెట్టాలి?

రుచి బాగుంటే సరుకు దానంతటదే అమ్ముడుపోతుందని చాలామంది అనుకుంటారు గానీ, ముందు చూడాల్సింది లైసెన్సు, ఎక్సైజ్ పన్ను. రుచి ఆ తర్వాతే.

అసలు టెన్షన్ డబ్బు ఎంతకాలం ఇరుక్కుపోతుందన్నది. బీరు కొన్ని వారాల్లో సీసాలోకి వస్తుంది, జిన్‌ను పీపాల్లో ఉంచక్కర్లేదు కాబట్టి తయారైన కొద్దిరోజులకే అమ్మొచ్చు, అదే స్కాచ్ విస్కీ అయితే చట్టప్రకారం కనీసం 3 ఏళ్లు ఓక్ పీపాల్లో ఉండాల్సిందే, పైగా ఏటా సుమారు 2 శాతం ఆవిరైపోతుంది. అందుకే చాలా కొత్త డిస్టిలరీలు విస్కీ సిద్ధమయ్యేలోగా జిన్ అమ్ముకుని ఖర్చులు గట్టెక్కిస్తాయి. తెలివైన పనే.

మొదటిరోజే సొంత ప్లాంటు మాత్రం వద్దు. మీ ప్రాంతంలోని చట్టం ఒప్పుకుంటే, లైసెన్సున్న వేరేవాళ్ల దగ్గర కాంట్రాక్టు మీద చేయించండి. ధర మాత్రం షాపులో కొనేవాడు ఇచ్చే మొత్తం నుంచి వెనక్కి లెక్కేయాలి: షాపు మార్జిన్, డిస్ట్రిబ్యూటర్ మార్జిన్, పన్ను, సీసా, లేబుల్ అన్నీ పోగా మీకు మిగిలేది చూస్తే కొన్నిసార్లు నవ్వొస్తుంది.

వ్యాపారం పెంచడమంటారా, మొదటి ఆర్డర్లు చూసి మురిసిపోకండి, మళ్లీ మళ్లీ తెప్పించుకునే షాపులు తగినన్ని ఉన్నాకే కొత్త ప్రాంతానికి వెళ్లండి.