సందేహాలు – సమాధానాలు: రొయ్య పండుగప్పచేత తినబడుతుందా?

సందేహం: మాది గంజాం జిల్లా రంభ. మా మేనకోడలు చిలికా సరస్సులో ఏ జీవి దేన్ని తిని బతుకుతుందో పటం గీసే పరిశోధన చేస్తోంది. ఊళ్లో తెలుగువాళ్ల కోసం ఆ పటాన్ని తెలుగులో బోర్డు మీద రాయిస్తున్నాం. బాణం గుర్తు రొయ్య దగ్గర మొదలై పండుగప్ప చేప దగ్గర ఆగుతుంది. అందుకని ‘రొయ్య పండుగప్పచేత తినబడుతుంది’ అని రాశాం. మా మరిది చదివి నవ్వాడు. ‘పండుగప్ప రొయ్యను తింటుంది’ అని మారిస్తే బాణం తిరగబడినట్టు ఉంటుందని మా మేనకోడలి టెన్షన్. ఏం రాయమంటారు?

సమాధానం: మీ మరిది నవ్వడంలో న్యాయం ఉంది. మీ మేనకోడలి టెన్షన్‌లోనూ ఉంది.

ముందు నవ్వు సంగతి. ‘తినబడుతుంది’ వ్యాకరణం ఒప్పుకున్న రూపమే. కర్మణి ప్రయోగం పాత కావ్యాల్లో ఉంది, ఇవాళ్టి ప్రభుత్వ ఉత్తర్వుల్లోనూ ఉంది. నోటి మీద మాత్రం లేదు. ‘అన్నం నాచేత తినబడింది’ అని ఇంట్లో ఎవరైనా అంటే ఒళ్లు వేడిగా ఉందేమోనని నుదుటి మీద చెయ్యి పెట్టి చూస్తారు. కనబడు, వినబడు, భయపడు లాంటివి వేరు. వాటిలో ‘పడు’ ఉన్నా ‘చేత’ అనే కర్త వెనకాల నిలబడి ఉండడు కాబట్టి హాయిగా వాడుకుంటాం.

మీ ప్రాంతంలో ఈ ‘బడు’ బెడద కాస్త ఎక్కువగా ఉండటానికి ఒక కారణం ఉంది. ఒడియాలో ‘కుహాజాఏ’ అన్నది రోజువారీ మాట. బడిలో ఒడియా చదువుకున్న పిల్లలు దాన్ని ‘చెప్పబడుతుంది’ అని తెలుగు చేస్తారు. తెలుగులో దానికి సరిపడేది ‘అంటారు’. కర్త ఎవరో చెప్పనక్కర్లేని చోట తెలుగు బహువచన క్రియ వేసి ఊరుకుంటుంది. వాడుక భాష కోసం గిడుగు రామమూర్తి పంతులుగారు పోరాడింది మీకు దగ్గర్లోని పర్లాకిమిడిలో పాఠాలు చెబుతూనే. ఆ గాలి రంభ దాకా రాకపోతే ఎలా?

ఇక బాణం. దాని దిశలో మీ మేనకోడలి పట్టుదల సరైనదే. ఆర్కిటిక్‌లోని బేర్ ద్వీపం జీవుల మీద 1923లో శాస్త్రవేత్తలు సమ్మర్‌హేస్, చార్లెస్ ఎల్టన్ అచ్చువేసిన పటంలో కూడా బాణాలు తినే జీవి వైపే పోతాయి. 1942లో రేమండ్ లిండెమన్ అనే శాస్త్రవేత్త ఒక చిన్న సరస్సును తీసుకుని ఆహారాన్ని శక్తి లెక్కలో చూపించాక ఆ దిశకు మరింత అర్థం వచ్చింది. బాణం చెప్పేది ఎవరు ఎవరి మీద పడ్డారన్నది కాదు, శక్తి ఎటు పోతోందన్నది. రొయ్య ఒంట్లో ఉన్నది పండుగప్ప ఒంట్లోకి చేరుతోంది.

అటు పోయేదాన్ని చెప్పడానికి తెలుగులో ఒక విభక్తి సిద్ధంగా ఉంది: కు. ‘రొయ్య పండుగప్పకు ఆహారం’ అనండి. రొయ్య ముందు వచ్చింది, పండుగప్ప తర్వాత వచ్చింది, ‘కు’ బాణం మొన దగ్గర కూర్చుంది. క్రియ కూడా అక్కర్లేదు. గొలుసు మొత్తాన్ని ఒకే ఊపులో చదవొచ్చు: కుళ్లిన ఆకూ అలమూ రొయ్యకు, రొయ్య పండుగప్పకు, పండుగప్ప మనిషికి. ‘ఆహారం’ బదులు ‘ఎర’ అని రాద్దామని ఎవరైనా సలహా ఇస్తే వద్దనండి. జాలర్లున్న ఊళ్లో ఎర అంటే గాలానికి గుచ్చేది.

ఈ పద్ధతి అసలు అక్కరకొచ్చేది చిక్కు బాణాల దగ్గర. పండుగప్ప తన జాతి పిల్లల్నే తినేస్తుంది. అందుకే చెరువుల్లో పెంచేవాళ్లు సైజుల వారీగా వేరుచేస్తుంటారు. మండపీతలదీ అదే వరస. పటంలో అలాంటి చోట బాణం బయల్దేరిన జీవి దగ్గరికే గుండ్రంగా తిరిగి వస్తుంది. దాన్ని ‘పీత పీతచేత తినబడుతుంది’ అని రాస్తే చదివేవాడికి ఊపిరాడదు. ‘పీతకు పీతే ఆహారం’. ఆ ‘ఏ’ ఒక్కటి చాలు, గుండ్రటి బాణం మొత్తం అందులో ఉంది.

మీరు అడగలేదు గానీ, పక్కన వివరం రాసేటప్పుడు అన్నిటికీ ‘తింటుంది’ అని పెట్టకండి. చిలికాలోని పక్షుల దీవి నలబనా దగ్గర దిగే బాతులు నీటి మొక్కల్ని మేస్తాయి. పాము చేపను మింగుతుంది. గద్ద తన్నుకుపోతుంది. చేప పేను ఒంటిని పట్టుకుని పీలుస్తుంది. చేపల చెరువులున్న వాళ్లకు ఈ పేను బాగా తెలుసు, పటాల్లో మాత్రం చాలాకాలం దానికి చోటు దక్కలేదు. కాలిఫోర్నియాలోని కార్పింటేరియా ఉప్పు చిత్తడిలో పేను లాంటి పరాన్నజీవుల్ని, అంటే ఇంకో జీవిని పట్టుకుని బతికేవాటిని, కూడా లెక్కలోకి తీసుకుని చూస్తే, ఆహార సంబంధాల్లో 75 శాతానికి పైగా వాటితో ముడిపడినవేనని 2006లో లాఫర్టీ బృందం చూపించింది. పటంలో అవన్నీ ఒకేలాంటి గీతలు. తెలుగులో ఒక్కో గీతకూ తగిన క్రియ ఉన్నప్పుడు వాడుకోకపోవడం దండగ.

చచ్చిన జీవుల గురించి మీ బోర్డులో ‘బాక్టీరియాచేత కుళ్లబడతాయి’ అని ఉంటే అది మాత్రం తప్పే. కుళ్లు అకర్మక క్రియ, అంటే ‘దేన్ని’ అనే ప్రశ్నకు చోటివ్వని క్రియ; దానికి కర్మణి రూపం ఉండదు. ‘కుళ్లిపోతాయి’ అనండి. బాక్టీరియా పేరు రావాలంటే ‘బాక్టీరియా కుళ్లబెడుతుంది’.

బోర్డు కింద సరస్సు చరిత్ర కూడా వేస్తారనుకుంటాను. అక్కడే ‘బడు’లు బారులు తీరుతాయి, జాగ్రత్త. ‘చిలికా 1981లో రామ్‌సర్ జాబితాలో చేర్చబడింది’ అనొద్దు, ‘చేరింది’ చాలు (ప్రపంచంలో ముఖ్యమైన చిత్తడి నేలల జాబితా అది). దెబ్బతిన్న చిత్తడి నేలల పట్టికలో 1993లో ‘పెట్టారు’, 2002లో ‘తీసేశారు’. 2000 సెప్టెంబరులో సముద్రంలోకి కొత్త మొగ ‘తవ్వారు’. ముఖద్వారం అని రాసినా తప్పు లేదు, కానీ సముద్రం ఒడ్డున వేట చేసేవాళ్లకు మొగ అంటేనే చప్పున తెలుస్తుంది. ఉప్పునీరు లోపలికి వచ్చింది, మంచినీటి కలుపు తగ్గింది, చేప పెరిగింది. ఇదంతా సూటిగా చెప్పగలిగిన కథే, ఒక్క ‘బడు’ అక్కర్లేదు.

‘ఆహార జాలకం’, ‘ఆహారపు వల’ రెండింట్లో ఏది శీర్షికగా పెట్టాలని ఉత్తరం చివర అడిగారు. బడి పిల్లల కోసమైతే పాఠ్యపుస్తకంలోని జాలకమే ఉంచండి. మీ బోర్డు పడవల రేవు దగ్గర పెడతారట కాబట్టి, అక్కడ వల అంటే మొదట నైలాను వలే గుర్తొస్తుంది. ‘చిలికాలో ఎవరికి ఎవరు ఆహారం’ అని పెట్టి చూడండి.