వారించడం, మాన్పించడం, నిరుత్సాహపరచడం: తేడా ఏమిటి?

ఒక పని చేయొద్దని ఎవరికైనా అడ్డుచెప్పడం ‘వారించడం’, వాళ్లు నిజంగా ఆ పని వదిలేసేలా చేయడం ‘మాన్పించడం’, వాళ్ల ఉత్సాహాన్నే దెబ్బతీయడం ‘నిరుత్సాహపరచడం’.

వారించడంలో ఫలితం సంగతి లేదు; వద్దని చెప్పడం, ఆపబోవడం వరకే దాని అర్థం. ‘మానడం’ అంటే వదిలేయడం కాబట్టి, దాని నుంచి వచ్చిన మాన్పించడంలో పని ఆగిపోయిందన్న అర్థం ముందే ఉంది.

ఉద్యోగం వదిలేసి హోటల్ పెడతానన్న కొడుకు గురించి ‘నాన్న ఎంత వారించినా వినలేదు’ అంటాం. ‘నాన్న మాన్పించారు, అయినా వినలేదు’ అని మాత్రం ఎవరూ అనరు. ‘పిల్ల చదువు మాన్పించారు’ అంటే ఆ పిల్ల ఇక బడికి వెళ్లడం లేదనే, ఎంత బాధగా ఉన్నా. అదే నాన్న ‘నీ వల్ల ఏమవుతుందిరా’ అంటే అది నిరుత్సాహపరచడం. కొడుకు హోటల్ పెట్టినా ఆ మాట అలాగే గుచ్చుకుంటుంది.

చాలామంది ఇంగ్లిష్ ‘డిస్కరేజ్’కి ప్రతిచోటా నిరుత్సాహపరచడమే సరైన మాట అనుకుంటారు. ‘ప్లాస్టిక్ వాడకాన్ని నిరుత్సాహపరచాలి’ అలా పుట్టిన వాక్యమే. ఉత్సాహం ఉండేది మనిషికి, వాడకానికి కాదు. ‘ప్లాస్టిక్ వాడకం తగ్గించాలి’ లేదా ‘మాన్పించాలి’ అంటే హాయిగా ఉంటుంది.

‘నివారించడం’ కూడా వారించడానికి దగ్గరి చుట్టమే, రెండూ సంస్కృతం నుంచి వచ్చినవే. కానీ ఇవాళ్టి వాడుకలో రోగాలనూ ప్రమాదాలనూ నివారిస్తాం, మనుషుల్ని వారిస్తాం.