ఎంబీబీఎస్ రాలేదు, న్యూరోఫిజియాలజీ చదివించవచ్చా? ఒక తండ్రికి జవాబు

నరసరావుపేట నుంచి ఒక తండ్రి రాశారు: "అమ్మాయి బైపీసీ. నీట్ రెండుసార్లు రాసింది, సీటు వచ్చే ర్యాంకు రాలేదు. బీఎస్సీ న్యూరోఫిజియాలజీ టెక్నాలజీలో చేరతానంటోంది. మా బంధువులు ఒక ప్రైవేటు యూనివర్సిటీలో 'న్యూరోసైన్స్ విత్ ఏఐ' కోర్సు మంచిదంటున్నారు. ఇంకొకరు బీఏఎస్ఎల్‌పీ (వినికిడి, మాట సమస్యల చికిత్స డిగ్రీ) చెప్పారు. మూడింట్లో ఏది మేలు? తలకి వైర్లు తగిలించే పనికి డిగ్రీ ఎందుకు? రేపు అదంతా ఏఐ చేసేస్తే అమ్మాయి గతేంటి?"

మీరు అడిగింది కోర్సుల గురించే గానీ, మీ టెన్షన్ కోర్సు గురించి కాదండీ. డాక్టర్ కావాల్సిన పిల్ల డాక్టర్ల కింద పనిచేయాలా అన్నదే మీ బాధ. ప్రతి ఏడూ కౌన్సెలింగ్ రోజుల్లో ఇదే ప్రశ్న వేరు వేరు మాటల్లో వస్తుంది. అందుకే ముందు ఆ వైర్ల పని ఏంటో చెప్తాను, వినండి.

న్యూరోఫిజియాలజీ టెక్నాలజీ అంటే మెదడు, నరాల్లో నడిచే కరెంటు సిగ్నళ్లను కొలిచే పని. మీ అమ్మాయి నేర్చుకోబోయే ఆ పనిలో ముఖ్యమైనవి ఎవోక్డ్ పొటెన్షియల్ టెస్టులు. కంటికి ఒక దృశ్యం చూపించి, లేదా చెవిలో క్లిక్ శబ్దం పంపి, లేదా మణికట్టు దగ్గర నరానికి చిన్న కరెంటు ఇచ్చి, ఆ కబురు మెదడుకి ఎన్ని మిల్లీసెకన్లలో చేరిందో కొలుస్తారు. చెవి టెస్టులో వచ్చే స్పందన ఒక మైక్రోవోల్టు కూడా ఉండదు, మెదడులో మామూలుగా నడిచే కరెంటేమో దానికి ఎన్నో రెట్లు. పెళ్లి పందిట్లో అంత గోల మధ్య ఒక మనిషి ఒకే మాటని వెయ్యిసార్లు అంటే ఆ వెయ్యీ కలిపి విన్నప్పుడు గోల పోయి మాట మిగిలినట్టు, వెయ్యి రెండువేల స్పందనలు తీసి సగటు కడితే అప్పుడు వేవ్ బయటపడుతుంది. లండన్‌లో జార్జ్ డాసన్ 1951లో ఇలా సగటు కట్టే యంత్రాన్ని చూపించాడు. ఇప్పుడా పని కంప్యూటర్ చేస్తుంది. మనిషి చేయాల్సిన పని మాత్రం అలాగే ఉంది.

గుండె ఆగి, మళ్లీ కొట్టుకుని, కోమాలో ఉన్న పేషెంటుకి ఐసీయూలో ఎస్ఎస్ఈపీ, అంటే పైన చెప్పిన మణికట్టు టెస్టు, చేస్తారు. మణికట్టు దగ్గర కరెంటు ఇస్తే దాదాపు 20 మిల్లీసెకన్లకి మెదడు పైపొరలో ఎన్20 అనే వేవ్ రావాలి. గుండె ఆగిన కొన్ని రోజుల తర్వాత కూడా రెండు వైపులా అది రాకపోతే ఆ మనిషి తేరుకునే అవకాశం చాలా తక్కువ అని డాక్టర్లు భావిస్తారు, మిగతా పరీక్షలతో కలిపి ఇంటివాళ్లతో మాట్లాడేది దాని మీదే. అయితే వేవ్ నిజంగా రాలేదా, లేక ఎలక్ట్రోడు సరిగా అంటుకోలేదా, కరెంటు నరానికి అందనేలేదా? భుజం దగ్గర, కాలర్ ఎముక పైన ఎర్బ్స్ పాయింట్‌లో స్పందన వచ్చిందా లేదా చూసి, కబురు చేతి నుంచి బయలుదేరిందని రుజువు చేయాల్సింది టెక్నాలజిస్టే. రిపోర్టు మీద సంతకం న్యూరాలజిస్టుదే కావచ్చు. కానీ తప్పుగా తీసిన వేవ్‌ని ఎంత పెద్ద డాక్టరైనా సరిగా చదవలేడు. దీన్ని మీరు "వైర్లు తగిలించే పని" అన్నారు. ఇంకెప్పుడూ అమ్మాయి ముందు ఆ మాట అనకండి.

వెన్నెముక వంకర సరిచేసే ఆపరేషన్ల సంగతీ ఇంతే. సర్జన్ రాడ్లు బిగిస్తున్నంతసేపూ ఒకరు నరాల సిగ్నల్ చూస్తూ కూర్చుంటారు. ఎస్ఎస్ఈపీ వేవ్ ఎత్తు సగానికి పడిపోతే వెంటనే చెప్పాలి. సిగ్నల్ పడింది వెన్నుపాము నలిగినందుకా, బీపీ తగ్గినందుకా, మత్తు గ్యాస్ పెంచినందుకా అన్నది అప్పటికప్పుడు తేల్చాలి, ఎందుకంటే ఆలస్యమైతే కాళ్లు పడిపోవచ్చు. ఈ పనికి అమెరికాలో సీఎన్ఐఎం అనే సర్టిఫికేషన్ ఉంది. మన దగ్గర పెద్ద వెన్నెముక, మెదడు ఆపరేషన్లు చేసే ఆస్పత్రులకి ఇలాంటి వాళ్లు కావాలి.

ఇక ఏఐ కోర్సు. ఇక్కడ నాకు చాలా అనుమానాలున్నాయి, దాచను. బ్రోషర్ మీద మెదడు బొమ్మ, నీలం లైట్లు, బ్రెయిన్-కంప్యూటర్ ఇంటర్‌ఫేస్ (మెదడుని కంప్యూటర్‌కి కలిపే పరికరం) అనే మాట. లోపల చూస్తే కొంచెం బయాలజీ, కొంచెం పైథాన్, ఆఖరి ఏడాది ఒక ప్రాజెక్టు. అలాంటి పరికరాలు తయారుచేసేవాళ్లు చాలావరకు గట్టి లెక్కలున్న ఇంజినీర్లు, లేదంటే పీజీ, పీహెచ్‌డీ చేసినవాళ్లు. ఇంటర్‌లో లెక్కలు వదిలేసిన పిల్లని ఆ పోటీలోకి దింపి, లక్షలు కట్టి, నాలుగేళ్ల తర్వాత ఆస్పత్రిలోకీ రానివ్వక, సాఫ్ట్‌వేర్ కంపెనీలోకీ రానివ్వక మధ్యలో నిలబెట్టడం నాకు ఇష్టం లేదు. ఆ యూనివర్సిటీని ఒకటే అడగండి: పిల్లలు ఏ ఆస్పత్రిలో, ఎన్ని గంటలు పేషెంట్ల మీద పనిచేస్తారు? సూటిగా జవాబు రాకపోతే బయటికి వచ్చేయండి.

ఏఐ ఉద్యోగాలు తీసేస్తుందన్న భయానికి కూడా చెప్తాను. వేవ్‌ల మీద గుర్తులు పెట్టడం సాఫ్ట్‌వేర్ చేస్తుంది, ఇంకా బాగా చేస్తుంది. కానీ వీఈపీలో, అంటే కంటి టెస్టులో, గళ్ల బోర్డు చూడాల్సిన పేషెంటు కళ్లజోడు ఇంట్లో మర్చిపోయి వస్తే, లేదా మధ్యలో కునుకు తీస్తే, 100 మిల్లీసెకన్ల దగ్గర రావాల్సిన పీ100 అనే వేవ్ ఆలస్యంగా వస్తుంది, కంటి నరం జబ్బేమో అన్నట్టు కనిపిస్తుంది. అది గమనించి టెస్టు ఆపేది పక్కనున్న మనిషి. బేరా టెస్టుకి, అంటే చెవిలో క్లిక్‌లు పంపే టెస్టుకి, ఏడుస్తున్న పసిపాపని నిద్రపుచ్చేదీ మనిషే.

బీఏఎస్ఎల్‌పీ మంచి కోర్సు, అందులో సందేహం లేదు. ఇంటర్న్‌షిప్‌తో నాలుగేళ్లు, ఆర్‌సీఐ (రిహాబిలిటేషన్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా) రిజిస్ట్రేషన్ వస్తుంది, సొంతంగా క్లినిక్ పెట్టుకోవచ్చు. బేరా అక్కడా ఉంటుంది. వినికిడి, మాట సమస్యల మీద పనిచేసే జాతీయ సంస్థల్లో సికింద్రాబాద్‌లో అలీ యావర్ జంగ్ సంస్థ కేంద్రం ఉంది, మైసూరులో ఐష్ ఉంది. మాట రాని పిల్లలతో, వాళ్ల అమ్మలతో నెలల తరబడి ఓపిగ్గా కూర్చోగలిగితే అది చాలా గొప్ప పని. మీ అమ్మాయికి అలా మాట్లాడుతూ ఉండటం ఇష్టమా, ఆపరేషన్ థియేటర్లో నిశ్శబ్దంగా స్క్రీన్ చూడటం ఇష్టమా? మీ ఉత్తరంలో ఆ ముక్క ఎక్కడా లేదు. బంధువులు ఏమన్నారో మూడు లైన్లు రాశారు, అమ్మాయి ఎందుకు ఈ కోర్సు అడిగిందో ఒక్క ముక్క రాయలేదు. అడిగి ఉండరు.

నష్టం కూడా చెప్పాలి. న్యూరోఫిజియాలజీలో మొదటి జీతం చూస్తే మీకు నిరాశగా ఉంటుంది. చిన్న ఊళ్లలో ఈ ఉద్యోగాలు తక్కువ, హైదరాబాదో విశాఖో బెంగళూరో వెళ్లాలి. పేరుకే కోర్సు నడుపుతూ పిల్లలతో రోజంతా ఈఈజీలు (తల మీద ఎలక్ట్రోడ్లు పెట్టి మెదడు కరెంటు నమోదు చేసే మామూలు పరీక్ష) మాత్రమే తీయించే కాలేజీలున్నాయి. కాబట్టి చేరే ముందు ఆస్పత్రి చూడండి: న్యూరాలజీ, న్యూరోసర్జరీ రెండూ నడుస్తున్నాయా, ఆపరేషన్లలో మానిటరింగ్ చేస్తున్నారా అని. గుర్తింపు లేని పని అని కూడా అనుకోకండి, అనుబంధ ఆరోగ్య వృత్తుల కోసం 2021లో కేంద్రం చట్టమే తెచ్చింది.

అమ్మాయి తప్పేమీ చేయలేదు. రెండేళ్లు కష్టపడింది, తర్వాత తనంతట తానే ఒక దారి వెతుక్కుని వచ్చి మీకు చెప్పింది. ఈ వారంలో గుంటూరో విజయవాడో వెళ్లి, న్యూరో ల్యాబ్ ఉన్న ఆస్పత్రిలో టెక్నాలజిస్టుతో ఒక గంట మాట్లాడించండి, పని చూడనిస్తే చూపించండి. మీరు బయట కూర్చోండి. తర్వాత తను ఏమంటుందో నాకు రాయండి, ఈసారి ఉత్తరం అమ్మాయినే రాయమనండి.