పల్లంలో కారును న్యూట్రల్‌లో వదిలితే ఇంధనం ఆదా అవుతుందా?

ఫ్యూయల్ ఇంజెక్షన్ (ఇంజిన్‌లోకి ఇంధనాన్ని కొలిచి చిమ్మే ఏర్పాటు) ఉన్న నేటి కార్లలో, బ్రేకు అవసరమయ్యేంత పల్లంలో న్యూట్రల్ వేస్తే ఆదా కాదు సరికదా, గేరులోనే ఉంచి యాక్సిలరేటర్ మీద నుంచి కాలు తీసినప్పటికంటే ఇంధనం కొంత ఎక్కువే ఖర్చవుతుంది. గేరులో ఉన్నంతసేపు చక్రాలే ఇంజిన్‌ను తిప్పుతాయి కనుక, దాని వేగం ఐడ్లింగ్ స్థాయికి (బండి ఆగి ఉన్నప్పుడు ఇంజిన్ తిరిగే కనీస వేగానికి) దగ్గరపడేవరకు ఇంజెక్టర్లు ఇంధనం చిమ్మడం పూర్తిగా ఆగిపోతుంది. న్యూట్రల్‌లోనైతే ఇంజిన్ ఆరిపోకుండా ఉండటానికే ఇంధనం కాలుతూ ఉండాలి. ఉదాహరణకు, కొండదారిలో మూడో గేరులో దిగుతున్నప్పుడు, తక్షణ వినియోగం చూపే మీటరులో అంకె సున్నాకు పడిపోయి, న్యూట్రల్ వేయగానే మళ్లీ పైకి లేస్తుంది. యాక్సిలరేటర్ మీద నుంచి కాలు తీసినా, ఇంజిన్ ఎక్కువ చుట్లు తిరిగితే ఎక్కువ తాగుతుందన్న అపోహ కార్బ్యురేటర్ల (పాత ఇంజిన్లలో ఇంధనాన్ని గాలితో కలిపే పరికరాల) కాలం నాటిది. పైగా న్యూట్రల్‌లో ఇంజిన్ నిరోధం కూడా పోయి, భారమంతా బ్రేకుల మీదే పడటం వల్ల అవి వేడెక్కి పట్టు తప్పే ప్రమాదముంది.