ఊరు మారితే తుమ్ములు ఆగుతాయా?

"పుప్పొడి ఎలర్జీ ఉంది. ఏ నగరానికి మారితే తగ్గుతుంది?" అని అడిగారు. సరిగ్గా ఈ లెక్క వేసుకునే నేను ఊరు మారాను కాబట్టి చెబుతున్నా. పుప్పొడి తక్కువున్న ఊరు దొరుకుతుంది. మీ ముక్కు మాత్రం ఊరుకోదు.

పాత ఊళ్లో నా శత్రువు వయ్యారిభామ. అంత అందమైన పేరు ఆ కలుపు మొక్కకి ఎవరు పెట్టారో గానీ, దేనికి ఎలర్జీయో తేల్చే స్కిన్ టెస్టు చేసినప్పుడు నా చేతి మీద అన్నిటికన్నా పెద్ద దద్దురు దానిదే. సముద్రం మీంచి వచ్చే గాలిలో పుప్పొడి తక్కువ అని ఎవరో అంటే, ట్రాన్స్‌ఫర్ అడిగి మరీ తీర ప్రాంతానికి వెళ్లాం. మొదటి రెండు నెలలూ హాయిగా నిద్రపోయాను.

వానలు మొదలయ్యాయి. రాత్రి మూడింటికి తుమ్ములు, ఛాతీలో పిల్లికూతలు. ఫోన్‌లో యాప్ చూస్తే పుప్పొడి "తక్కువ" అని పచ్చరంగులో ఉంది. అయితే జలుబే అనుకుని వారం రోజులు ఆవిరి పట్టాను. ఒక రాత్రి తడి గోనెసంచి వాసన వస్తోందని మా ఆయన బీరువా జరిపారు. వెనక గోడ మీద నా భుజం ఎత్తు దాకా నల్లటి బూజు. పక్కనున్న సూట్‌కేసు మీద కూడా బూడిదరంగు నూగు. అప్పుడు నేను చేసిన ఘనకార్యం ఏంటంటే, చీపురు తెచ్చి ఆ గోడని పొడిగానే బరబరా ఊడ్చేశాను! తడిగుడ్డతో, మాస్కు పెట్టుకుని తుడవాలని అప్పుడు తట్టలేదు. పది నిమిషాల్లో నోట మాట రాలేదు. తెల్లారేదాకా మెట్ల మీద, ఇన్‌హేలర్ చేత్తో పట్టుకుని కూర్చున్నాను. పొద్దున్నే ఓనర్‌గారు వచ్చి చూసి, "గోడన్నాక కాస్త చెమ్మ ఉండదా అమ్మా" అన్నారు. మేం దిగే ముందు దాని మీద రంగు కొట్టించింది ఆయనే.

నా అభిప్రాయంలో అందరూ పుప్పొడిని తిడుతున్నారు గానీ అసలు దొంగ బూజు. చిన్నప్పుడు పాఠాల్లో సిద్ధబీజాలు అని చదువుకున్నాం చూడండి, అవే గాలిలో తిరుగుతాయి. అమెరికాలో వాడే ఒక కొలమానం ప్రకారం ఘనపు మీటరు గాలిలో చెట్ల పుప్పొడి రేణువులు 90 దాటితే "ఎక్కువ". బూజు బీజాలు 6,000 ఉన్నా "తక్కువ" కిందే లెక్క! గాలిలో అవి ఎప్పుడూ అంత దండిగా ఉంటాయన్నమాట. పైగా వాటిలో ఒక్కోదానికి ఒక్కో వేళ. ఆల్టర్నేరియా అనే బూజు లాంటివి పొడిగా, గాలిగా ఉన్న పగటిపూట లేస్తాయి. వాన పడ్డాక తెల్లవారుజామున లేచే రకాలు వేరు. చాలా యాప్‌లలో బూజు ఊసే ఉండదు. పుప్పొడి అంకె కూడా చాలావరకు కంప్యూటర్ అంచనాయే. నిజంగా కొలవాలంటే మేడ మీద గాలిని పీల్చే యంత్రం పెట్టి, జిగురు టేపుకి అంటుకున్నవాటిని మైక్రోస్కోపు కింద ఒక మనిషి లెక్కపెట్టాలి. అది తేలేసరికి అది నిన్నటి గాలి.

ఊరి పేరు చూసి కూడా మోసపోకండి. 2016 నవంబరు 21న మెల్‌బోర్న్‌లో ఉరుములతో గాలివాన వచ్చి, గడ్డి పుప్పొడి తేమకి పగిలి సన్నటి తునకలై ఊపిరితిత్తుల్లోకి దిగింది. వేలమంది ఆసుపత్రులకి పరుగెత్తారు, పదిమంది చనిపోయారు. వాన పడితే గాలి కడిగినట్టు అవుతుందని ఇంకా ఎవరైనా అంటే నాకు ఒళ్లు మండుతుంది. జపాన్ వాళ్లయితే రెండో ప్రపంచ యుద్ధం తర్వాత కలప కోసం సుగి అనే చెట్లు కొండలనిండా నాటుకుని, ఇప్పుడు వాటి పుప్పొడికి ఫిబ్రవరి నుంచి ఏప్రిల్ దాకా ముక్కులు మూసుకుంటున్నారు. ఇక రంగురంగుల పూలచెట్లని నరికించేవాళ్లకి దణ్ణం. ఆ పుప్పొడి బరువుగా, జిగటగా ఉండి పురుగుల కాళ్లకి అంటుకుంటుంది. గాలిలో ఎగిరేది సుగి లాంటి చెట్లదీ, ఎవరూ పట్టించుకోని గడ్డిదీ, కలుపుదీ.

కాబట్టి లారీ మాట్లాడుకునే ముందు స్కిన్ టెస్టు చేయించుకోండి, బూజుకి కూడా చేయమని అడిగి మరీ. మేం అదే ఊళ్లో పై అంతస్తుకి మారాం. ఇల్లు చూడ్డానికి వెళితే ముందు బీరువా జరపమంటాను. ఓనర్లకి కోపం వస్తుంది, రానీ.

మొన్న ఎదురు ఖాళీ స్థలంలో తెల్లటి చిన్న పూలు కనబడితే దిగి వెళ్లి చూశాను. వయ్యారిభామే. మా ఆయన పీకేస్తానంటే, గ్లవుజులు లేకుండా ముట్టుకోవద్దన్నాను.