డీఎన్ఏ ఒకటే, దారులు రెండు

ప్రశ్న: సార్, నేను అనంతపురంలో బీఎస్సీ రెండో సంవత్సరం. మూలకణం రెండుగా చీలితే ఒకటి మూలకణంగానే ఉండిపోతుంది, రెండోది వేరే పనికి తయారవుతుంది అంటారు. రెండింట్లో డీఎన్ఏ ఒకటే కదా, మరి తేడా ఎక్కడ? క్లాసులో మిథైలేషన్ అని ఒక్క ముక్క చెప్పి వదిలేశారు.
- ఓ విద్యార్థిని

జవాబు: ఆ ముక్క తప్పేం కాదమ్మా, సగమే. మిథైలేషన్ అంటే డీఎన్ఏ మీద మిథైల్ అనే చిన్న రసాయన గుర్తులు పడటం. ఇవి రెండు పోగుల మీదా ఎదురెదురుగా ఉంటాయి. కాపీ అవగానే పాత పోగు మీద గుర్తుంటుంది, కొత్తది బోడిగా ఉంటుంది. అలాంటి చోటును యూహెచ్ఆర్ఎఫ్1 అనే ప్రోటీన్ పసిగడితే, డీఎన్ఎంటీ1 అనే ఎంజైమ్ వచ్చి కొత్త పోగుకూ గుర్తు పెట్టేస్తుంది. ఇలాంటి ఏర్పాటు ఉండాలని 1975లోనే హాలిడే, పగ్ అనే శాస్త్రవేత్తలు ఒకవైపు, రిగ్స్ మరోవైపు ఊహించారు. కానీ దీనివల్ల రెండు పిల్ల కణాలకూ ఒకే కాపీ వస్తుంది, నీ ప్రశ్న మళ్లీ మొదటికే.

అందుకని డీఎన్ఏ చుట్టుకునే హిస్టోన్లు అనే ప్రోటీన్ల దగ్గరికి పోదాం. ఎనిమిది హిస్టోన్లు కలిసి ఒక ఉండ, దాని చుట్టూ 147 బేస్ జతల డీఎన్ఏ. ఏ జన్యువు పని చేయాలి, ఏది నోరు మూసుకోవాలి అనే గుర్తులు వీటి మీద కూడా ఉంటాయి. మీ ఇంట్లో స్టీలు గిన్నెల మీద పేర్లు చెక్కించి ఉంటారుగా, అట్లా అనుకో. మామూలుగా కణం చీలినప్పుడు, అన్నదమ్ములు వేరుపడినట్టు, పాత గిన్నెలు ఇద్దరికీ దాదాపు సమానంగా పోతాయి, తక్కువైనవి కొత్తవి కొనుక్కుంటారు, పాతదాన్ని చూసి కొత్తదాని మీదా అదే పేరు చెక్కిస్తారు.

కుళ్లిన చీనీకాయల మీద ముసిరే చిన్న ఈగ ఉందే, డ్రోసోఫిలా, దాని దగ్గర మాత్రం పంపకం ఇలా జరగలేదు. 2012లో జాన్స్ హాప్కిన్స్ విశ్వవిద్యాలయంలో షిన్ చెన్ బృందం మగ ఈగ వృషణాల్లోని మూలకణాల్లో హెచ్3 అనే రకం పాత హిస్టోన్‌కు ఒక రంగు, కొత్తదానికి ఇంకో రంగు వచ్చేలా చేసి చూస్తే, పాత సామాను ఎక్కువగా మూలకణంగా మిగిలిన దాని దగ్గరే ఉండిపోయింది, కొత్తది వీర్యకణాలుగా మారబోయే దానికి పోయింది! హెచ్3.3 అనే దాని దాయాది హిస్టోన్‌లో ఈ పక్షపాతం కనబడలేదు.

2015లో అదే బృందం హెచ్3లో ఒక్క అమైనో ఆమ్లాన్ని మార్చి ఈ పంపకాన్ని కలగాపులగం చేసింది. కొన్నిచోట్ల మూలకణాలు కరిగిపోయాయి, కొన్నిచోట్ల ఎదగని కణాలు గడ్డల్లా పేరుకుపోయాయి. అలాగని అంతా హిస్టోన్లే చేస్తాయని పరీక్షలో రాసేవు, పక్కనున్న కణాలు పంపే సంకేతాలు అందకపోతే ఆ మూలకణం మూలకణంగా నిలబడదు.